దంతాల రంగు మారడం: కారణాలు, తెల్లబరిచే చికిత్సలు

దంతం తన సహజమైన రంగు కోల్పోయి పసుపు, గోధుమ, బూడిద, నలుపు, ఆకుపచ్చ వంటి ఛాయలకు మారడాన్ని దంత వివర్ణత అంటారు. పంటి మీద మచ్చలు, చారలు, సుద్దలాంటి తెల్లని మరకలు ఏర్పడటం కూడా ఇందులోకే వస్తుంది. ఇది ఒక జబ్బు పేరు కాదు, అనేక కారణాల వల్ల కనిపించే లక్షణం. దాని వెనుక టీ, కాఫీల మరక ఉండవచ్చు. పసితనంలో తాగిన నీటిలోని ఫ్లోరైడ్ ఉండవచ్చు. ఎప్పుడో తగిలిన దెబ్బకు పంటి లోపల నరం చచ్చిపోయి ఉండవచ్చు. పుట్టుకతో వచ్చిన లోపమూ కావచ్చు. ఒకరికి అరగంట శుభ్రతతో పోయే మరక మరొకరికి ఆరు నెలల బ్లీచింగ్‌కు కూడా పూర్తిగా లొంగదు. కాబట్టి పళ్లను తెల్లబరచాలనుకునేవారు ముందుగా రంగు ఎందుకు మారిందో తేల్చుకోవాలి. ఈ చికిత్సలన్నిటికీ మూలసూత్రం అదే.

పంటి సహజ రంగు

పంటి పైభాగాన్ని కప్పి ఉండే పొర ఎనామిల్. బరువులో సుమారు 96 శాతం ఖనిజమే ఉండే ఈ పొర మన శరీరంలోకెల్లా గట్టి పదార్థం. ఇందులో జీవకణాలు ఉండవు కాబట్టి ఒకసారి అరిగిపోతే మళ్లీ పెరగదు. ఎనామిల్ వెలుతురును కొంతవరకు తన గుండా పోనిస్తుంది. దాని అడుగున ఉండే డెంటిన్ పసుపు ఛాయలో ఉంటుంది. మనకు కనిపించే పంటి రంగు ప్రధానంగా ఈ డెంటిన్‌దే. ఎనామిల్ మందం, నునుపు, పారదర్శకత ఆ రంగు ఎంత బయటపడాలో నిర్ణయిస్తాయి. డెంటిన్ లోపల నరాలు, రక్తనాళాలు ఉండే మెత్తని భాగం దంతమజ్జ. వాడుకలో ‘పంటి నరం’ అనేది దీన్నే.

ఈ నిర్మాణం తెలిస్తే చాలా సందేహాలు తీరిపోతాయి. చిగురు దగ్గర ఎనామిల్ పలచగా ఉంటుంది కాబట్టి అక్కడ పన్ను కాస్త పచ్చగా కనిపిస్తుంది. కోరపళ్లు పక్కనున్న ముందుపళ్ల కంటే ముదురు రంగులో ఉండటం అందరిలోనూ ఉన్నదే. పాలపళ్లు సహజంగా ఎక్కువ తెల్లగా ఉంటాయి. ఆరేడేళ్ల వయసులో వాటి పక్కనే శాశ్వత దంతాలు వచ్చినప్పుడు కొత్త పళ్లు పచ్చగా ఉన్నాయని తల్లిదండ్రులు కంగారుపడుతుంటారు. దానికి ఏ చికిత్సా అవసరం లేదు. వయసు పెరిగేకొద్దీ ఎనామిల్ అరిగి పలచబడుతుంది, లోపల డెంటిన్ మందం పెరుగుతుంది. నడివయసు దాటినవారి పళ్లు పసుపెక్కడానికి ఇదే ప్రధాన కారణం.

పంటి రంగును పోల్చి చూడటానికి దంతవైద్యులు షేడ్ గైడ్ వాడతారు. జర్మనీకి చెందిన వీటా సంస్థ రూపొందించిన గైడ్‌లో ఏ, బీ, సీ, డీ అనే నాలుగు వర్ణ సముదాయాల్లో మొత్తం 16 నమూనా పళ్లు ఉంటాయి. ఆరోగ్యవంతుల పళ్లన్నీ ఒకే తెలుపులో ఉండవని చెప్పడానికి ఈ గైడే సాక్ష్యం. ప్రకటనల్లో కనిపించే కాగితంలాంటి తెలుపు సహజ దంతాల్లో చాలా అరుదు.

అందం గురించిన అభిప్రాయం కూడా కాలాన్ని, దేశాన్ని బట్టి మారుతూ వచ్చింది. జపాన్‌లో ఇనుప ద్రావణం, టానిన్ కలిపి పళ్లను నల్లగా చేసుకునే ఒహగురో అనే ఆచారం శతాబ్దాల పాటు గౌరవ చిహ్నంగా సాగింది. మెయిజీ ప్రభుత్వం 1870లో ఉన్నత వంశాలవారికి దాన్ని నిషేధించాక క్రమంగా తగ్గిపోయింది. మన దేశంలోనూ మిస్సీ అనే పొడితో పళ్లను, చిగుళ్లను నల్లబరచుకోవడం ఒకప్పుడు స్త్రీల అలంకారాల్లో ఒకటి.

బయటి మరకలు

రంగు మారడాన్ని దంతవైద్యులు మూడు రకాలుగా విభజిస్తారు. మొదటిది ఎనామిల్ పైన పట్టే బయటి మరక. రెండవది ఎనామిల్ లేదా డెంటిన్ లోపలే ఉండే రంగు. మూడవది బయటి రంగు పగుళ్ల గుండా, అరిగిన చోట్ల గుండా లోపలికి ఇంకిపోవడం.

పన్ను తోముకున్న కొద్ది నిమిషాల్లోనే లాలాజలంలోని ప్రోటీన్లు ఎనామిల్‌పై పలచని పొరగా ఏర్పడతాయి. టీ, కాఫీలలోని టానిన్ వంటి పదార్థాలు ఈ పొరకు అంటుకుంటాయి. దానిమీద పాచి, పాచి గట్టిపడి గార చేరేకొద్దీ మరక ముదురుతుంది. గార గరుకుగా ఉంటుంది కాబట్టి కొత్త మరకలు తేలికగా పడతాయి.

తాంబూలం వేసుకునేవారి పళ్లపై వక్క, సున్నం, కాచు కలిసి ఎర్రటి, నల్లటి చారలు వేస్తాయి. చుట్ట, బీడీ, సిగరెట్ తాగేవారిలో తారు వల్ల గోధుమ, నలుపు మరకలు పడతాయి. ఖైనీ, గుట్కా నమిలేవారిలో అవి మరింత లోతుగా దిగుతాయి. శ్రీకాకుళం, విశాఖపట్నం తీరప్రాంతాల్లో చుట్ట వెలిగిన కొసను నోట్లో పెట్టుకుని తాగే అడ్డపొగ అలవాటు, ముఖ్యంగా స్త్రీలలో, చాలాకాలంగా ఉంది. వీరికి పళ్ల లోపలి వైపు మరకలు పడతాయి. అసలు ప్రమాదం మాత్రం అంగిలికే. అక్కడ క్యాన్సర్ రావడానికీ ఈ అలవాటుకూ ఉన్న సంబంధాన్ని వైద్యులు దశాబ్దాల క్రితమే గుర్తించారు. వక్కను కూడా అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ మనుషులలో క్యాన్సర్ కలిగించే పదార్థాల జాబితాలో చేర్చింది. కాబట్టి పొగాకు, వక్క మరకలతో వచ్చిన మనిషికి పళ్లు శుభ్రం చేసి పంపడంతో దంతవైద్యుడి పని పూర్తికాదు. బుగ్గలు, నాలుక, అంగిలి పరీక్షించాలి. నోరు బిగుసుకుపోతున్నదేమో, తెల్లని, ఎర్రని మచ్చలున్నాయేమో చూడాలి.

కొన్ని మందులు కూడా బయటి మరకలు వేస్తాయి. చిగుళ్ల జబ్బుకు వాడే క్లోర్‌హెక్సిడిన్ మౌత్‌వాష్‌ను వారాల తరబడి వాడితే గోధుమ మరకలు పడతాయి. ఐరన్ సిరప్ తాగే పిల్లల పళ్లు నల్లబడవచ్చు. ఇవి రెండూ శుభ్రం చేస్తే పోతాయి. రక్తహీనత ఉన్న బిడ్డకు మరక భయంతో ఐరన్ మందు ఆపేయడం తగదు. మందును స్ట్రాతో తాగించి, తర్వాత నోరు కడిగితే చాలు.

పిల్లల్లో చిగురు అంచు వెంట సన్నని నల్లగీత కనిపించడం మరో రకం. కొన్ని రకాల బాక్టీరియా విడుదల చేసే హైడ్రోజన్ సల్ఫైడ్, లాలాజలంలోని ఇనుముతో కలిసి ఐరన్ సల్ఫైడ్‌గా మారడం దీనికి కారణమని భావిస్తారు. దీన్ని పిప్పిపన్నుగా పొరబడేవారు ఎక్కువ. నిజానికి ఈ నల్లగీత ఉన్న పిల్లల్లో పళ్లు పుచ్చడం తక్కువగా ఉంటుందని పలు అధ్యయనాలు గమనించాయి.

లోపలి రంగు

లోపలి రంగు పన్ను తయారయ్యే కాలంలోనే ఏర్పడవచ్చు, పన్ను మొలిచాక కూడా రావచ్చు. తయారీ కాలంలో కలిగే లోపాల్లో మన ప్రాంతానికి అతి ముఖ్యమైనది ఫ్లోరోసిస్. దాని గురించి విడిగా చెప్పుకుందాం.

టెట్రాసైక్లిన్ యాంటీబయాటిక్‌లు 1948 నుంచి వాడుకలోకి వచ్చాయి. వీటికి కాల్షియంతో గట్టిగా అతుక్కునే గుణం ఉంది. పన్ను తయారవుతున్నప్పుడు శరీరంలో ఈ మందు ఉంటే అది డెంటిన్‌లో చేరిపోతుంది. మొలిచినప్పుడు పసుపుగా ఉన్న పన్ను వెలుతురు తగిలేకొద్దీ గోధుమ, బూడిద రంగులకు మారుతుంది. మందు వాడిన కాలాన్ని బట్టి పంటికి అడ్డంగా పట్టీలు కనిపిస్తాయి. అతినీలలోహిత కాంతిలో ఇవి మెరుస్తాయి. 1950ల మధ్యలో వైద్యులు దీన్ని గుర్తించారు. ఆ తరువాత గర్భిణులకు, 8 ఏళ్లలోపు పిల్లలకు ఈ మందులు ఇవ్వకూడదన్న నియమం ఏర్పడింది. నోటిద్వారా ఇచ్చే ద్రవరూప టెట్రాసైక్లిన్‌ను భారత ప్రభుత్వం నిషేధించింది. ఇదే వర్గానికి చెందిన మినోసైక్లిన్, మొటిమలకు దీర్ఘకాలం వాడిన పెద్దవారిలో సైతం పళ్ల రంగు మార్చగలదు.

వంశపారంపర్యంగా ఎనామిల్ సరిగా ఏర్పడకపోవడం, డెంటిన్ లోపంతో పళ్లు నీలి గోధుమ రంగులో గాజులా కనిపించడం అరుదుగా చూస్తాం. పుట్టుకతో వచ్చే ఒక రకం పోర్ఫిరియాలో పళ్లు ఎర్రబడతాయి. పసితనంలో తీవ్రమైన కామెర్లు, కాలేయ నాళాల లోపం ఉన్న పిల్లలకు ఆకుపచ్చ పళ్లు రావచ్చు. మొదటి శాశ్వత దవడ పళ్లలో, ముందుపళ్లలో అక్కడక్కడ పెళుసైన పసుపు, గోధుమ మచ్చలు రావడం ఈ మధ్య దంతవైద్యులు ఎక్కువగా గుర్తిస్తున్న మరో సమస్య.

పన్ను మొలిచాక వచ్చే లోపలి రంగుకు ప్రధాన కారణం దెబ్బ. ఆటల్లోనో, బండి మీద నుంచి పడో ముందుపంటికి దెబ్బ తగిలితే లోపల రక్తనాళాలు చిట్లుతాయి. రక్తం డెంటిన్‌లోని సూక్ష్మనాళికల్లోకి చేరి విచ్ఛిన్నమవుతుంది. నరం చచ్చిపోయిన పన్ను నెలలు, సంవత్సరాల తరువాత బూడిద రంగుకు తిరుగుతుంది. ఒక్క పన్నే రంగు మారిందంటే నరం పరిస్థితిని తప్పక అనుమానించాలి. నొప్పి లేదు కదా అని వదిలేస్తే వేరు కొసన చీము చేరే అవకాశం ఉంది. పన్ను గులాబీ రంగుకు మారితే లోపల నుంచి డెంటిన్ కరిగిపోతోందని అర్థం. దానికి వెంటనే వైద్యం కావాలి. పాత వెండి సిమెంటు, రూట్ కెనాల్‌లో మిగిలిపోయిన పదార్థాలు సైతం పంటిని నల్లబరుస్తాయి.

ఫ్లోరోసిస్

ఫ్లోరైడ్‌కూ పంటి మచ్చలకూ ఉన్న సంబంధం బయటపడిన తీరు దంతవైద్య చరిత్రలో ఒక పెద్ద అధ్యాయం. 1901లో ఫ్రెడరిక్ మెకే అనే యువ దంతవైద్యుడు అమెరికాలోని కొలరాడో స్ప్రింగ్స్‌లో వైద్యం మొదలుపెట్టాడు. అక్కడ పుట్టి పెరిగినవారి పళ్లపై గోధుమ మచ్చలు చూసి కారణం వెతకసాగాడు. ఆనాటి ప్రసిద్ధ దంతవైద్యుడు జి.వి. బ్లాక్ 1909లో అతనితో చేతులు కలిపాడు. మచ్చలున్న పళ్లు తేలికగా పుచ్చవని, తాగేనీటిలోనే ఏదో ఉందని వారు గ్రహించారు. ఆ ‘ఏదో’ ఫ్లోరైడ్ అని 1931లో అల్యూమినియం సంస్థలో రసాయన శాస్త్రవేత్తగా పనిచేస్తున్న హెచ్.వి. చర్చిల్ తేల్చాడు. తరువాత ట్రెండ్లీ డీన్ అనే దంతవైద్యుడు మచ్చల తీవ్రతను కొలిచే సూచికను రూపొందించాడు. నేటికీ సర్వేల్లో దాన్నే వాడుతున్నారు.

చర్చిల్ తేల్చిన ఆరేళ్లకే తెలుగు నేల ఈ చరిత్రలోకి వచ్చింది. 1937లో షార్ట్, మెక్‌రాబర్ట్, బర్నార్డ్, నాయర్ అనే పరిశోధకులు మద్రాసు ప్రెసిడెన్సీలో ప్రబలిన ఫ్లోరోసిస్ గురించి భారత వైద్య పరిశోధన పత్రికలో ప్రకటించారు. వారు పరిశీలించింది ఆనాటి నెల్లూరు జిల్లా ప్రజలను. పళ్లే కాక ఎముకలు కూడా ఫ్లోరైడ్ వల్ల దెబ్బతింటున్నాయని అందులో వివరించారు. 1955లో సిద్దిఖీ అనే వైద్యుడు నల్లగొండ జిల్లా ఫ్లోరోసిస్ గురించి బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో రాశారు. ఈ ప్రాంతాల గ్రానైట్ రాళ్లలో ఫ్లోరిన్ ఉన్న ఖనిజాలున్నాయి. వర్షం తక్కువ, నీటిలో క్షారగుణం ఎక్కువ, కాల్షియం తక్కువ కావడంతో ఫ్లోరైడ్ నీటిలోకి ఎక్కువగా చేరుతుంది. బోరు లోతుకు వెళ్లేకొద్దీ చాలాచోట్ల ఫ్లోరైడ్ ఇంకా ఎక్కువగా తగులుతుంది.

లీటరు తాగునీటిలో ఫ్లోరైడ్ 1.5 మిల్లీగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచిస్తోంది. భారతీయ ప్రమాణాల ప్రకారం ఉండదగ్గ పరిమితి 1 మిల్లీగ్రాము. వేరే నీటి ఆధారం లేనప్పుడు మాత్రమే 1.5 వరకు అనుమతి. ఎనామిల్ పక్వమయ్యే దశలో ఫ్లోరైడ్ ఎక్కువైతే అందులోని ప్రోటీన్లు తొలగాల్సినంతగా తొలగవు. ఖనిజం నిండాల్సిన చోట సూక్ష్మమైన ఖాళీలు మిగులుతాయి. వెలుతురు అక్కడ చెదిరి సుద్దలాంటి తెల్లని గీతలు, మచ్చలు కనిపిస్తాయి. పన్ను మొలిచాక ఆహారంలోని రంగులు ఆ ఖాళీల్లో చేరి గోధుమ రంగు వస్తుంది. తీవ్రమైన దశలో ఎనామిల్ గుంటలు పడి రాలిపోతుంది.

ఇందులో ప్రతి తల్లీతండ్రీ గుర్తుంచుకోవాల్సిన సంగతి ఒకటుంది. జ్ఞానదంతాలు తప్ప మిగిలిన శాశ్వత దంతాల ఎనామిల్ సుమారు ఎనిమిదేళ్ల వయసుకల్లా తయారైపోతుంది. పై ముందుపళ్లకు మొదటి మూడేళ్లే కీలకం. ఆ వయసులో బిడ్డ తాగిన నీరు, ఆ నీటితో కలిపిన పాలపొడి, వండిన అన్నం జీవితాంతం కనిపించే పళ్ల రంగును నిర్ణయిస్తాయి. పన్ను మొలిచాక ఎంత మంచి నీరు ఇచ్చినా పడిన మచ్చ దానంతట అది పోదు. పడకుండా ఆపగలిగేది మాత్రం మంచి నీరే. నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్‌లతో నీటిలోని ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతిని 1970లలో రూపొందించింది. ప్రపంచవ్యాప్తంగా అది ‘నల్లగొండ పద్ధతి’గానే ప్రసిద్ధం. కృష్ణా, గోదావరి జలాలను శుద్ధిచేసి ఇంటింటికీ అందించే మిషన్ భగీరథను తెలంగాణలో 2016లో ప్రారంభించారు. ఫ్లోరోసిస్ విషయంలో నదీజలమే శాశ్వత పరిష్కారం. దంతవైద్యుడు చేయగలిగేది మిగిలిపోయిన మచ్చలను సరిదిద్దడం మాత్రమే.

చికిత్సకు ముందు పరీక్ష

ఏ చికిత్స ప్రారంభించాలన్నా ముందు రోగి చరిత్ర కావాలి. పుట్టిన ఊరు, చిన్నతనంలో తాగిన నీరు, వాడిన మందులు, తగిలిన దెబ్బలు, అలవాట్లు అడగాలి. పళ్లను శుభ్రంచేసి, వెలుతురులో తడిగా ఒకసారి, ఆరబెట్టి ఒకసారి చూడాలి. ఒంటరిగా రంగు మారిన పంటికి నరం బతికి ఉందో లేదో పరీక్షించి ఎక్స్‌రే తీయాలి. పుచ్చులు, పగుళ్లు, కారుతున్న పాత సిమెంట్లు, చిగుళ్ల జబ్బు ఉంటే ముందు వాటిని బాగుచేయాలి. షేడ్ గైడ్‌తో పోల్చి ఫొటో తీసి ఉంచాలి. లేకపోతే ఎంత మార్పు వచ్చిందన్నది తరువాత ఎవరూ చెప్పలేరు.

శుభ్రపరచడం

బయటి మరకలకు చికిత్స గార తీయడం, అంటే స్కేలింగ్, ఆపైన పాలిషింగ్. స్కేలింగ్ చేయిస్తే పళ్లు వదులవుతాయని, సందులు పడతాయని మన ఊళ్లలో భయం ఉంది. గార ఏళ్ల తరబడి ఎముకను, చిగురును తినేసిన తరువాత ఆ ఖాళీలను తానే నింపి ఉంటుంది. గార తీయగానే అప్పటికే జరిగిన నష్టం బయటపడుతుంది. సందు పెట్టింది గారే గాని స్కేలింగ్ కాదు. చాలామందికి ఈ ఒక్క పనితోనే పళ్లు తమ సహజమైన రంగుకు వస్తాయి. అంతకు మించి తెల్లబరచాల్సిన అవసరమే కనిపించదు.

బ్లీచింగ్: చరిత్ర, రసాయనం

పంటి రంగును రసాయనాలతో తగ్గించే ప్రయత్నాలు 19వ శతాబ్దంలో మొదలయ్యాయి. నరం చచ్చిన పళ్లకు 1860లలో క్లోరినేటెడ్ లైమ్, తరువాత ఆక్సాలిక్ ఆమ్లం వాడారు. 1884లో హార్లన్ అనే దంతవైద్యుడు హైడ్రోజన్ పెరాక్సైడ్ వాడినట్టు ప్రకటించాడు. ఇప్పటికీ అన్ని పద్ధతుల్లో ప్రధానంగా పనిచేసే పదార్థం అదే.

ఇంటి దగ్గర వాడే ట్రే పద్ధతి అనుకోకుండా దొరికింది. 1960ల చివర అమెరికాలోని ఆర్కన్సాస్ రాష్ట్రంలో క్లస్మియర్ అనే వైద్యుడు, పళ్లు సరిచేయించుకున్నవారి చిగుళ్ల వాపు తగ్గడానికి 10 శాతం కార్బమైడ్ పెరాక్సైడ్ ఉన్న మందును రిటైనర్‌లో వేసి పెట్టుకోమనేవాడు. చిగుళ్లతోపాటు పళ్లు తెల్లబడటం గమనించాడు. హేవుడ్, హేమన్ అనే అధ్యాపకులు దీన్ని శాస్త్రీయంగా పరిశీలించి 1989లో ప్రచురించారు. అప్పటి నుంచి ఈ పద్ధతి ప్రపంచమంతా వ్యాపించింది.

హైడ్రోజన్ పెరాక్సైడ్ అణువు చాలా చిన్నది. ఎనామిల్, డెంటిన్‌ల గుండా దూరి నిమిషాల్లో దంతమజ్జ వరకు చేరుతుంది. దారిలో రంగునిచ్చే పెద్ద సేంద్రియ అణువులను ఆక్సీకరించి రంగు తక్కువ ఉన్న అణువులుగా మారుస్తుంది. కాబట్టి బ్లీచింగ్ ఎనామిల్‌ను గీకదు, లోపలి రంగునే మారుస్తుంది. పళ్లు జివ్వుమనడానికి కూడా ఈ చొచ్చుకుపోయే గుణమే కారణం. 10 శాతం కార్బమైడ్ పెరాక్సైడ్ విడిపోయినప్పుడు సుమారు 3.5 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్, మిగిలినది యూరియా వస్తాయి. పేర్లను, శాతాలను చూసి మందు బలాన్ని పోల్చేటప్పుడు ఈ తేడా గుర్తుంచుకోవాలి.

బ్లీచింగ్ పద్ధతులు

ఇంటి బ్లీచింగ్‌లో దంతవైద్యుడు పళ్ల అచ్చు తీసి దానికి సరిపోయే పలచని ట్రే చేయిస్తాడు. రోగి అందులో కొద్దిగా జెల్ వేసుకుని రాత్రిపూటో, పగలు కొన్ని గంటలో పెట్టుకుంటాడు. వయసు వల్ల వచ్చిన పసుపుకు మామూలుగా రెండు మూడు వారాలు పడుతుంది. పొగాకు మరకలకు ఇంకొన్ని వారాలు, టెట్రాసైక్లిన్ రంగుకు ఆరు నెలల వరకు పట్టవచ్చు. 10 శాతం కార్బమైడ్ పెరాక్సైడ్‌తో చేసే ఈ పద్ధతికే ఎక్కువ కాలపు పరిశీలన, భద్రతా ఆధారాలు ఉన్నాయి.

ఆసుపత్రి బ్లీచింగ్‌లో 25 నుంచి 40 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్ వాడతారు. చిగుళ్లు కాలకుండా వాటిపై రక్షణ పొర వేసి, జెల్‌ను నిర్ణీత నిమిషాల పాటు ఉంచి తీసేస్తారు. ఫలితం ఆ రోజే కనిపిస్తుంది. పళ్లు ఆరిపోయి ఉండటం వల్ల కూడా కొంత తెలుపు వస్తుంది. కొద్దిరోజుల్లో తడి చేరాక ఆ మేరకు రంగు తగ్గుతుంది. జెల్‌పై ప్రత్యేక లైటు వేయడం చూడటానికి ఆకర్షణీయంగా ఉంటుంది గాని, దానివల్ల చెప్పుకోదగ్గ శాశ్వత లాభం ఉన్నట్టు పరిశోధనలు గట్టిగా చూపలేదు.

రూట్ కెనాల్ అయిన నల్లని పంటికి లోపలి నుంచి బ్లీచింగ్ చేస్తారు. వేరులోని పూరకం పైభాగాన్ని కొంత తీసి, దానిపై సిమెంటుతో గట్టి అడ్డు వేసి, పంటి గదిలో సోడియం పర్‌బోరేట్‌ను నీటితో కలిపి ఉంచి మూసేస్తారు. కొన్నిరోజులకొకసారి మారుస్తూ రెండు నుంచి నాలుగు సార్లు చేస్తే రంగు తేలికపడుతుంది. 1961లో స్పాసర్ అనే దంతవైద్యుడు దీన్ని వర్ణించాడు. పూర్వం బలమైన పెరాక్సైడ్‌ను వేడిచేసి వాడినప్పుడు కొందరికి చిగురు దగ్గర వేరు కరిగిపోయింది. 1979లో ఈ ప్రమాదం గుర్తించాక వేడి వాడకం మానేశారు, అడ్డుపొర తప్పనిసరి చేశారు. మంచి పన్నును గీసి క్యాప్ వేయడం కంటే ముందు ఈ పద్ధతి ప్రయత్నించడమే మేలు.

మచ్చలకు ఇతర చికిత్సలు

తెల్లని మచ్చలు బ్లీచింగ్‌తో పోవు. చుట్టూ ఉన్న పన్ను తెల్లబడటం వల్ల మచ్చ తక్కువగా కనిపిస్తుంది, అంతే. వీటికి వేరే దారులున్నాయి.

మొదటిది మైక్రోఅబ్రేషన్. హైడ్రోక్లోరిక్ ఆమ్లం, సన్నని రాపిడి పొడి కలిసిన పేస్టుతో ఎనామిల్ పైపొరను మిల్లీమీటరులో ఒకటి, రెండు పదోవంతుల మేర తొలగిస్తారు. ఆమ్లంతో గోధుమ మచ్చలు తీయడాన్ని కొలరాడో స్ప్రింగ్స్‌కే చెందిన కేన్ అనే దంతవైద్యుడు 1916లోనే చేశాడు. 1980లలో క్రోల్ అనే దంతవైద్యుడు దీనికి నేటి రూపమిచ్చాడు. తేలికపాటి, ఒక మోస్తరు ఫ్లోరోసిస్‌లోని గోధుమ మచ్చలకు ఇది మంచి చికిత్స. తరువాత ట్రే బ్లీచింగ్ కలిపితే ఫలితం ఇంకా బాగుంటుంది.

రెండవది రెజిన్ ఇన్‌ఫిల్ట్రేషన్. జర్మన్ పరిశోధకుల కృషితో 2009లో మార్కెట్లోకి వచ్చింది. తెల్లమచ్చలోని ఖాళీల్లో గాలి, నీరు ఉంటాయి. ఎనామిల్ వక్రీభవన గుణకం 1.62. నీటిది 1.33, గాలిది 1. ఈ తేడా వల్లే వెలుతురు చెదిరి మచ్చ తెల్లగా కనిపిస్తుంది. 15 శాతం ఆమ్లంతో పైపొర తెరిచి, ఆల్కహాల్‌తో ఆరబెట్టి, పలచని రెజిన్‌ను ఇంకనిస్తే ఆ ఖాళీలు నిండుతాయి. రెజిన్ గుణకం 1.52, అంటే ఎనామిల్‌కు బాగా దగ్గర. అందువల్ల మచ్చ చుట్టుపక్కల పంటిలో కలిసిపోతుంది. డ్రిల్లు, ఇంజెక్షను అవసరం లేదు. పళ్లకు క్లిప్పులు తీశాక మిగిలే తెల్లమచ్చలకు, తేలికపాటి ఫ్లోరోసిస్‌కు ఇది ఉపయోగపడుతుంది.

మూడవది కప్పివేయడం. పంటి రంగు కాంపోజిట్ సిమెంటుతో గాని, పంటిపై అతికించే పలచని పింగాణీ పొర, అంటే వెనీర్‌తో గాని మచ్చను మరుగుపరుస్తారు. 1930ల నాటికే చార్లెస్ పింకస్ అనే దంతవైద్యుడు హాలీవుడ్ నటులకు చిత్రీకరణ కోసం తాత్కాలికంగా అంటించే వెనీర్లు తయారుచేశాడు. 1980లలో పింగాణీ లోపలి వైపును ఆమ్లంతో గరుకు చేసి అతికించే విధానం వచ్చాకే అవి శాశ్వత చికిత్సగా నిలిచాయి. గుంటలు పడిన తీవ్ర ఫ్లోరోసిస్, ముదిరిన టెట్రాసైక్లిన్ రంగు ఉన్నవారికి ఇవి అవసరమవుతాయి. అయితే వెనీర్ కోసం చాలా సందర్భాల్లో ఎనామిల్‌ను కొంత గీయాలి. గీసింది తిరిగిరాదు, వెనీర్‌ను ఎప్పుడో ఒకప్పుడు మార్చాలి. ఇరవై ఏళ్ల వయసులో కేవలం మరింత తెలుపు కోసం ఆరోగ్యమైన పళ్లను గీయించుకోవడం సరైన నిర్ణయం కాదు.

ఇబ్బందులు, జాగ్రత్తలు

బ్లీచింగ్‌లో అన్నిటికంటే ఎక్కువమందికి వచ్చే ఇబ్బంది పళ్లు జివ్వుమనడం. మామూలుగా చికిత్స ఆపిన కొద్దిరోజుల్లో తగ్గుతుంది. పొటాషియం నైట్రేట్, ఫ్లోరైడ్ ఉన్న జెల్ వాడటం, రోజు విడిచి రోజు చేయడం ద్వారా దీన్ని తగ్గించవచ్చు. చిగుళ్లకు జెల్ తగిలితే తెల్లగా కాలి మండుతుంది. పంటి సిమెంట్లు, క్యాప్‌లు, వెనీర్లు బ్లీచింగ్‌తో తెల్లబడవు. కాబట్టి వాటిని మార్చాల్సి రావచ్చని ముందే చెప్పాలి. బ్లీచింగ్ తరువాత పంటిలో మిగిలిన ఆక్సిజన్ వల్ల కొత్త సిమెంటు సరిగా అతుక్కోదు. కనీసం రెండు వారాలు ఆగాలి. గర్భిణులు, పాలిచ్చే తల్లులు ఈ చికిత్సను వాయిదా వేసుకోవాలి. ఫలితం శాశ్వతం కాదు. ఆహారం, అలవాట్లను బట్టి ఒకటి నుంచి మూడేళ్లలో కొంత రంగు తిరిగివస్తుంది.

ఐరోపా సమాఖ్య 2011 నాటి ఆదేశంతో 0.1 శాతానికి మించి, 6 శాతం వరకు హైడ్రోజన్ పెరాక్సైడ్ ఉన్న ఉత్పత్తులను దంతవైద్యులకే అమ్మాలని, 18 ఏళ్లలోపు వారికి వాడరాదని నియమించింది. మన దేశంలో 1948 నాటి దంతవైద్యుల చట్టం ఈ వృత్తికి రిజిస్ట్రేషన్‌ను తప్పనిసరి చేసింది. బ్యూటీ పార్లర్‌లో పుచ్చు ఉందో, నరం చచ్చిందో చూసేవారు ఉండరు. బలమైన పెరాక్సైడ్‌ను అక్కడ నోట్లో పెట్టించుకోవడం ప్రమాదకరం.

ఇంటి చిట్కాలు, పేస్టులు

బొగ్గు, కచ్చిక బూడిద, ఇటుకపొడి, ఉప్పుతో పళ్లు తోమడం మన ఇళ్లలో తరతరాల అలవాటు. వీటి గరుకుదనం మరకను గీకేస్తుంది, దానితోపాటు ఎనామిల్‌నూ అరగదీస్తుంది. మొదట్లో తెల్లగా అనిపించిన పన్ను, ఎనామిల్ పలచబడ్డాక డెంటిన్ బయటపడి మునుపటి కంటే పచ్చగా మారుతుంది. నిమ్మరసం పంటి ఖనిజాన్ని కరిగిస్తుంది. నిమ్మరసంలో వంటసోడా కలిపి రుద్దితే రెండు వైపుల నుంచీ నష్టమే. ఇప్పుడు ఆకర్షణీయమైన గొట్టాల్లో వస్తున్న చార్‌కోల్ పేస్టులు తెల్లబరుస్తాయనడానికి, సురక్షితమనడానికి తగిన ఆధారాలు లేవని 2017లో అమెరికా దంతవైద్య సంఘం పత్రికలో వచ్చిన సమీక్ష తేల్చింది. వైట్‌నింగ్ పేస్టులు చాలావరకు పై మరకలను తీసేవే. కొన్నిటిలో ఉండే నీలిరంగు పదార్థం పంటి పసుపును కొన్ని గంటలు కప్పుతుంది, లోపలి రంగును మార్చదు. వేపపుల్ల, కానుగపుల్లలను మెత్తగా నమిలి జాగ్రత్తగా వాడితే పాచి పోతుంది గాని ఫ్లోరోసిస్ మచ్చలు పోవు. పొగాకు కలిసిన పళ్లపొడుల తయారీ, అమ్మకాలను భారత ప్రభుత్వం 1992లోనే నిషేధించింది.

నివారణ

రోజుకు రెండుసార్లు మెత్తని బ్రష్‌తో తోముకోవాలి. టీ, కాఫీ తాగాక నోరు నీళ్లతో పుక్కిలించాలి. ఏడాదికోసారైనా దంతవైద్యుడికి చూపించుకోవాలి. మూడేళ్లలోపు పిల్లలకు బియ్యపు గింజంత, ఆరేళ్ల వరకు బఠాణీ గింజంత పేస్టే వాడాలి, మింగకుండా పెద్దలు దగ్గరుండాలి. ఫ్లోరైడ్ ప్రాంతాల్లోని కుటుంబాలు తాము తాగే నీటిని పరీక్ష చేయించుకోవాలి. బోరు నీటిని మరిగించినంత మాత్రాన ఫ్లోరైడ్ పోదు, నీరు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది.

పంటి రంగు కారణంగా నవ్వడానికి వెనుకాడే యువతీయువకులు, పెళ్లిచూపుల్లో మాట పడినవారు ఫ్లోరోసిస్ గ్రామాల్లో ఎందరో ఉన్నారు. వారికి చికిత్స ఆడంబరం కాదు, ఆత్మగౌరవానికి సంబంధించిన అవసరం. జిల్లా ఆసుపత్రుల్లోనూ, ప్రభుత్వ దంత వైద్యశాలల్లోనూ మైక్రోఅబ్రేషన్, కాంపోజిట్ వంటి తక్కువ ఖర్చు చికిత్సలు వారికి అందుబాటులో ఉండాలి. మచ్చలేని ఆరోగ్యమైన పళ్లున్నవారు మాత్రం ప్రకటనలు చూసి సహజమైన పసుపు ఛాయను లోపంగా భావించనక్కర్లేదు. ఏ చికిత్సకైనా ఒప్పుకునే ముందు మీ దంతవైద్యుడిని ‘నా పళ్లు ఎందుకు రంగు మారాయి?’ అని అడగండి. దానికి స్పష్టమైన సమాధానం దొరికిన తరువాతే చికిత్స మొదలుపెట్టించుకోండి.